రెండు పడవల మీద కాళ్ళు

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీటిపాలవుతాడని పెద్దల మాట. ఆ రెండు పడవలనూ పైన ఒకే డెక్కుతో బిగించివేస్తే ఆ మాట చెల్లదు. అటువంటి జంటపడవకే కాటమరాన్ అని పేరు. ఈ పేరు ఆంగ్లంలోకి వెళ్ళింది తమిళుల ‘కట్టుమరం’ నుంచి. కట్టుమరమంటే దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టిన తెప్ప. ఆంధ్ర తీరపు జాలరులకు అది చిరపరిచితమైన సాధనమే. కాని నేటి జంటపడవకు పోలిక ఆ తెప్పతో కాదు, పసిఫిక్ ద్వీపవాసులు పూర్వకాలంలో సముద్రాలు దాటిన జంట దోనెలతో. పేరు ఒక సముద్రానిది, రూపం మరొక సముద్రానిది.

ఇంజనుతో నడిచే జంటపడవ తక్కువ ఇంధనంతో ఎక్కువ వేగం సాధిస్తుందని ప్రతీతి. అది నిజమే. అయితే ఆ మేలు ‘రెండు’ అనే సంఖ్యలో లేదు, సన్నదనంలో ఉంది.

తన మీదుగా సాగే ప్రతి పడవ నుంచీ నీరు రెండు సుంకాలు వసూలు చేస్తుంది. మొదటిది ఘర్షణ. పడవ అడుగుభాగాన్ని ఎంత మేర నీరు తాకుతుందో అంత మేరకు ఈ సుంకం చెల్లించవలసిందే. రెండవది అల. నీటిని చీల్చుకొని ముందుకు పోయే పడవ తన శక్తిలో కొంత అలలను లేపడానికే వ్యయం చేస్తుంది. విలియం ఫ్రౌడ్ అనే ఆంగ్ల ఇంజనీరు 1870ల ఆరంభంలో టార్కీ పట్టణం వద్ద పొడవైన నీటితొట్టి నిర్మించి, అందులో చిన్న నమూనాలను లాగి చూచి, ఈ రెండు సుంకాలనూ విడివిడిగా లెక్కకట్టే మార్గం చూపాడు.

వేగం పెరిగినకొద్దీ పడవ లేపే అల పొడవు కూడా పెరుగుతుంది. ఆ పొడవు పడవ పొడవుతో సమానమయ్యేసరికి, ముందు ఒక అల శిఖరం, వెనుక మరొకటి నిలిచి, పడవ ఆ రెంటి నడుమ పల్లంలో చిక్కుకుంటుంది. 10 మీటర్ల పడవకు ఈ స్థితి గంటకు సుమారు 14 కిలోమీటర్ల వేగం వద్ద ఎదురవుతుంది. వెడల్పైన బరువు పడవ దానిని దాటాలంటే ఇంజను శక్తిని విపరీతంగా పెంచాలి. సన్నని పడవ లేపే అలలు చిన్నవి గనుక అది ఆ పరిమితిని సునాయాసంగా దాటిపోతుంది.

మరి అన్ని పడవలనూ సన్నగానే చేయరాదా? ఒంటరిగా ఉన్న సన్నని పడవ ఇట్టే ఒరిగిపోతుంది. అందులో మనుషులకూ సరుకులకూ చోటు చాలదు. సన్నని పడవలు రెంటిని ఎడంగా నిలిపి కలిపితే ఆ ఎడమే నిలకడనిస్తుంది. రెండవ పడవ చేసే ఉపకారం ఇదే: మొదటిది సన్నగా ఉండడానికి అది అవకాశం కల్పిస్తుంది.

ఈ ఉపకారం ఉచితం కాదు. అర్ధవృత్తాకారపు అడుగు గల ఒక పడవను, అదే బరువు మోసే, అంతే పొడవు గల రెండు పడవలుగా విభజిస్తే నీరు తాకే వైశాల్యం 41 శాతం పెరుగుతుంది. ఘర్షణే ప్రధానమైన మందగమనంలో ఇది నష్టమే. రెండు పడవలూ మరీ దగ్గరగా ఉంటే వాటి అలలు నడిమి సందులో కలిసి పెద్దవి కావచ్చు. మరీ ఎడమైతే వాటిని కలిపే డెక్కు బరువెక్కుతుంది. అన్నిటికంటె పెద్ద శత్రువు అదనపు బరువు. సన్నని పడవ కొద్ది బరువుకే లోతుగా దిగుతుంది. డెక్కుకూ నీటికీ మధ్య ఎత్తు తగ్గి, అలలు అడుగున దబదబ మోదుతాయి.

ఈ లెక్కలన్నీ భారతదేశంలో ఒకచోట కంటికి కనిపిస్తాయి. కేరళలో వేంబనాడు సరస్సుపై వైక్కం, తవణక్కడవుల మధ్య 2017 జనవరిలో ‘ఆదిత్య’ అనే సౌరశక్తి ఫెర్రీని ప్రారంభించారు. 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల ఈ జంటపడవలో 75 మంది ప్రయాణించవచ్చు. దానిని నడిపేవి 20 కిలోవాట్ల మోటార్లు రెండే. దాని వేగం పరిమితమే గనుక ఇక్కడి లాభం అలలను జయించడంలో కంటె తేలికదనంలోనే ఎక్కువ. దేహం ఫైబర్ గ్లాసుతో చేసినది. రెండు పడవల మధ్య ఎడం వల్ల లభించిన విశాలమైన పైకప్పే సౌర ఫలకాలకు చోటిచ్చింది. బరువైన పడవను అంత స్వల్పశక్తితో నడపడం దుస్సాధ్యం. 2023 ఏప్రిల్‌లో ఆరంభమైన కొచ్చి వాటర్ మెట్రోకు కూడా బ్యాటరీతో నడిచే అల్యూమినియం జంటపడవలనే ఎంచుకున్నారు.

నదులూ సరస్సులూ విస్తారంగా గల దేశంలో ఇటువంటి పడవలకు గిరాకీ పెరగడం సహజం. అయితే జంటపడవ అన్నంత మాత్రాన ఇంధనం ఆదా కాదు. ఎంత బరువు మోయాలి, ఎంత వేగంతో పోవాలి అన్న రెండు ప్రశ్నలకూ ముందుగా సమాధానం నిర్ణయించి, ఆ తరువాతనే పడవ ఆకృతిని గీయాలి. కొన్న తరువాత ఇంకొక గది, ఇంకొన్ని కుర్చీలు, పెద్ద ఇంజను అంటూ చేర్చుకుంటూ పోతే, సన్నదనంతో సంపాదించినదంతా బరువుకే సమర్పించవలసి వస్తుంది.