వరదమట్టమునకు పైన ఒక వైర్‌లెస్ అల్లిక

2006వ సంవత్సరము ఆగస్టు మాసమున, ఎగువనున్న ఉకాయి జలాశయమునుండి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీటిని విడువక తప్పని స్థితి ఏర్పడి, తాపీనది గట్లు దాటి సూరతు నగరములో ముప్పాతికవంతు భాగమును ముంచివేసినప్పుడు, ధననష్ట ప్రాణనష్టముల లెక్కలలో చేరని వేరొక నష్టము గూడ ఆ పట్టణమునకు కలిగినది: ఏ వీథిలో నీరెంత లోతున నిలిచినదో, ఏ మిద్దెపై ఎందరు చిక్కుకొనియున్నారో ఒకరికొకరు తెలుపుకొను మార్గమే పెక్కుచోట్ల లేకపోయెను. విద్యుత్తు పోయినది, దానినే నమ్ముకొనియున్న సాధనములన్నియు దానితోబాటు మూగవోయినవి.

తరువాతి కాలమున సూరతు పేరు వేరు సందర్భములలో వినవచ్చినది. 2016 జనవరిలో ప్రకటితమైన తొలి ఇరువది స్మార్ట్ సిటీల జాబితాలో అది నాలుగవది. 2020లో చుట్టుపట్ల గ్రామములను కలుపుకొని 326 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమునుండి 460కి పైగా పెరిగినది. ఇంత మేరను ఫైబర్ తీగకై త్రవ్వుట ఒక తరము పని. కావున, దీపస్తంభములపైనను మిద్దెలపైనను చిన్న చిన్న రేడియో పరికరములను నిలిపి, ఒకదానినుండి మరియొకదానికి సమాచారమును అందించుకొనునట్లు చేయు మెష్ పద్ధతి, ఇట్టి నగరములకు సహజముగనే ఆకర్షణీయమగును. అయితే ఈ పద్ధతిలో పరికరము కొనుట సులభము. దానిని నిలుపు చోటు సంపాదించుట, నిలిపినదానిని నిలుపుకొనుట కష్టము. మన పాలనావ్యవస్థ మాత్రము మొదటిదానినే పనియని తలచు అలవాటులోనున్నది.

మెష్ భావన క్రొత్తది కాదు. 1970లలోనే అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా, ప్యాకెట్ రేడియో ప్రయోగములలో, కేంద్రస్థానము లేని ఇట్టి అల్లికను పరీక్షించినది, 2011లో 802.11ఎస్ అను ప్రమాణము వైఫై పరికరములకు ఈ విద్యను నియమబద్ధము చేసినది. మంటలార్పుటకై బారులుతీరి కుండలందించుకొను జనులవలె, ఇందలి ప్రతి నోడూ, అనగా ప్రతి రేడియో పరికరమూ, తన మాటతోబాటు పొరుగువాని మాటను గూడ మోయును. ఒకటి పడిపోయినచో మార్గము ప్రక్కకు మరలును. కాని మోతకు వెల యున్నది. ఒకే రేడియోతో వినుటయు పలుకుటయు జరుపు నోడ్లలో, ప్రతి అంచెకును వేగము సుమారు సగమగుచు వచ్చును. నోడ్లు పెరిగినకొలది ఒక్కొక్కదాని వంతునకు వచ్చు సామర్థ్యము తగ్గకతప్పదని, ఐఐటీ మద్రాసులో చదివి అమెరికాలో ఆచార్యుడైన పి.ఆర్. కుమార్, పీయూష్ గుప్తాతో కలిసి 2000లో గణితరీత్యా నిరూపించెను. ఆ ఫలితమును గౌరవించువాడు నాలుగైదు అంచెల దూరమును కాగితముపై గీసి తృప్తిచెందడు. రెండు మూడు అంచెలకొక గేట్‌వేను, అనగా ఫైబర్‌తో ముడిపడిన నోడును, తప్పక ఏర్పరచును.

ఇక మిద్దె యెక్కినచో లెక్కలు మారును. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడినంత మాత్రమున చాలదు. 5.8 గిగాహెర్ట్జ్ తరంగము ఒక కిలోమీటరు దూరము పోవునప్పుడు మధ్యభాగమున దాని మార్గము చుట్టును సుమారు 3.6 మీటర్ల వ్యాసార్ధముగల ప్రదేశము వ్యాపించును. అందు అధికభాగమునకు అడ్డు ఉండరాదు. పొరుగువాని నీళ్లట్యాంకు, వర్షమునకు తడిసి బరువెక్కిన వేపకొమ్మ, నిరుడు లేని, ఈయేడు లేచిన అంతస్తు, ఇవియన్నియు ఆ ప్రదేశములోనికి చొరబడును. ఈ పౌనఃపున్యమున వానచినుకు చేయు హాని స్వల్పము. ఆకునిండ తడిసిన చెట్టు చేయునది స్వల్పము కాదు. సర్వేను వేసవిలో చేసి శ్రావణమున ఆశ్చర్యపడువారు ఈ భేదము మరచినవారే.

ఖంభాత్ సింధుశాఖ సమీపమున ఉన్నందున సూరతు గాలిలో ఉప్పు కలదు. సాధారణపు ఇనుప బిగింపులు కొలదికాలములోనే తుప్పుపట్టును. వానితోబాటు ఎర్తింగు సంధి గూడ తుప్పుపట్టి, పిడుగు వేళ పనికిరానిదగును. ఎండకు తట్టుకొను పైతొడుగుగల కేబులును, పెట్టెలోనికి ప్రవేశించుటకు ముందు నీరు జారిపోవుటకై క్రిందికి వంచిన మలుపును, అడుగువైపునకే తెరచియుంచిన రంధ్రమును అల్పవిషయములని త్రోసివేయుట తగదు. నీరు పరికరములోనికి పోవునది పెక్కుసార్లు కేబులు వెంబడినే.

జనవరి 14న మరియొక పరీక్ష: గాలిపటముల పండుగయగు ఉత్తరాయణము. సూరతు మాంజా ప్రసిద్ధమైనది. ఆ దినమున నగరము నగరమంతయు మిద్దెలపైననే యుండును. గాజుపొడి పూసిన దారము యాంటెన్నాకు చుట్టుకొన్నప్పుడు లాగువాడు లాగును. స్తంభము గట్టిగా బిగింపబడనిచో యాంటెన్నా ముఖము కొన్ని డిగ్రీలు మరలి, దూరపు లంకె సన్నగిల్లును. లోపము సాఫ్ట్‌వేరులోనున్నదని కార్యాలయమున వెదకుచుందురు. పండుగ మరునాడు ప్రతి మిద్దెను చూచివచ్చు మనిషిని నియమించుట అంతకంటె చౌక.

మిద్దె యజమాని యనుమతి వేరొక విషయము. భారతప్రభుత్వము 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సునుండి విముక్తము గావించినది; 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశేషభాగమును బయటి వాడుకకు గూడ విడిచినది. తరంగమునకు స్వేచ్ఛ లభించినది గాని, అది నిలుచు స్తంభమునకు లభించలేదు. హౌసింగ్ సొసైటీ కార్యవర్గము మారినచో అనుమతియు మారవచ్చును; కరెంటు బిల్లు ఎవరిదను ప్రశ్న యెప్పుడును పూర్తిగా తీరదు. 2019 మే 24న సర్థానాలోని తక్షశిలా వాణిజ్యభవనమున అగ్నిప్రమాదములో 22మంది చిన్నవయసువారు మరణించిన నగరమిది. ఇచట మిద్దెమీది ప్రతి క్రొత్త కట్టడమును అనుమానముతో చూచుట న్యాయమే. మెట్లదారికి అడ్డముగా స్తంభమును గాని కేబులు చుట్టను గాని పెట్టు గుత్తేదారుకు ఎంత గొప్ప సాంకేతికజ్ఞానమున్నను క్షమింపరాదు.

నిలిపినదానిని నిలుపుకొను విషయమున లోకానుభవము స్పష్టముగనే యున్నది. ఫిలడెల్ఫియా నగరము 135 చదరపు మైళ్ల మేర, అనగా నాటి సూరతుతో ఇంచుమించు సమానమైన విస్తీర్ణమున, దీపస్తంభములపై మెష్ నిర్మింప ఎర్త్‌లింక్ సంస్థతో ఒప్పందము చేసికొన్నది. చదరపు మైలుకు ముందుగా లెక్కించినదానికంటె ఎక్కువ నోడ్లు కావలసివచ్చినవి, చందాదారులు రాలేదు, 2008లో సంస్థ తప్పుకొన్నది. అంతకు మూడేండ్ల ముందే, బయట వైఫై వాడుకకు మన దేశమున అనుమతి వచ్చిన వెంటనే, ధర్మశాలలో యాహెల్ బెన్-డేవిడ్ బృందము పాత రౌటర్లను పెట్టెలలో బిగించి, కోతుల బాధను, కొండల అడ్డును ఓర్చి, ముప్పదికి పైగా నోడ్లతో టిబెటన్ సంస్థలను కలిపినది. అది నిలిచినది. అచటి పరికరములు నాసివే. కాని వానిని ఎక్కి సరిచేయు చేతులు ఆ యూరివే.

సూరతులో అట్టి చేతులు లేకపోలేదు. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీ నేతకుటుంబములు విశేషముగానున్న లింబాయత్ ప్రాంతమునే చూడుడు. ప్రక్కనే మీఠీ ఖాడీ అను వాగు. వానకాలమున అది పొంగుటకు తాపీ పొంగవలసిన పనిలేదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడుపుచున్న నగరమిది. అట్టి పాఠశాలాభవనపు మిద్దె, ప్రభుత్వ యాజమాన్యమున ఉన్నది గనుక, గేట్‌వేకు యోగ్యమైన స్థానము. 1994 ప్లేగు తరువాత, 1995లో కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, అధికారులను చల్లని గదులనుండి వీథులకు వెడలించి, నగరమును ఆరు మండలములుగా విభజించి, ప్రతి మండలమునకు నిర్ణయాధికారమిచ్చెను. పారిశుద్ధ్యమునకు ఉపయోగించిన ఆ యేర్పాటు మెష్ పోషణకు గూడ సరిపోవును: మండలమునకు ఒక నిచ్చెన, ఒక మీటరు, బాధ్యతగల ఇద్దరు మనుషులు.

వరదను దృష్టిలో నుంచుకొన్నచో, బ్యాటరీని వీథి మట్టమున ఇనుప పెట్టెలో దాచుట మొదటి పొరపాటు. అది పైననే యుండవలెను. పది పదునైదు వాట్లు వాడు నోడుకు రోజుకు 240 మొదలు 360 వాట్-గంటలు కావలెను. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగము వాడుకొన్నచో ఒకటిన్నర నుండి రెండున్నర దినములు గడచును. మబ్బు పట్టిన దినములలో సౌరఫలకమును ఎక్కువగా నమ్మరాదు. రెండు గేట్‌వేలు ఒకే ఫైబర్ మార్గమున, ఒకే వంతెన మీదుగా పోవుచున్నచో రెండవది ఉన్నను లేనట్లే. ఒకటి నదికి ఈవలను ఒకటి ఆవలను ఉండవలెను. పనికి అనువగు కాలము ఉత్తరాయణము ముగిసిన నాటినుండి జూన్ మధ్యభాగమువరకు. అందు చివరి నెలను బిగింపులకుగాక, కరెంటు ఆపివేసి బ్యాటరీలపై నగరమంతయు ఒక రాత్రి నడిపి చూచుటకు వినియోగించుట మంచిది.