‘ఏమీ లేదు’ అన్నంత మాత్రాన నొప్పి పోదు

ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో బాధపడే స్త్రీకి మన ఆసుపత్రుల్లో తరచుగా వినిపించే సమాధానాలు రెండు. మొదటిది: “స్కానింగ్‌లో ఏమీ లేదు, అనవసరంగా ఆలోచిస్తున్నావు.” రెండవది: “గర్భసంచి తీసేస్తే సరిపోతుంది.” పైకి చూస్తే ఇవి పరస్పర విరుద్ధమైన మాటలు. ఒకటి జబ్బే లేదంటుంది. మరొకటి అవయవాన్నే తీసివేయమంటుంది. కాని రెండింటికీ మూలం ఒక్కటే. ఎదురుగా కూర్చున్న స్త్రీ చెప్పే మాటను చివరిదాకా వినకపోవడమే ఆ మూలం. ఇది వైద్యుని మర్యాదకు సంబంధించిన చిన్న విషయం కాదు, రోగి హక్కుకు సంబంధించిన పెద్ద విషయమని మేము భావిస్తున్నాము.

ఆరు నెలలు లేదా అంతకు మించి పొత్తికడుపులో నొప్పి కొనసాగితే దానిని దీర్ఘకాలిక నొప్పిగా వైద్యశాస్త్రం పరిగణిస్తుంది. నెలసరితో పాటు వచ్చిపోయేది కావచ్చు, రోజూ ఉండేది కావచ్చు. మూత్రానికి, మలవిసర్జనకు వెళ్ళినప్పుడు, దాంపత్య జీవితంలో, ఎక్కువసేపు కూర్చున్నప్పుడు, సజ్దా చేసి లేచేటప్పుడు కలుక్కుమనేది కావచ్చు. కారణాలు కూడా ఒక్క గర్భసంచికే పరిమితం కావు. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరిగే ఎండోమెట్రియోసిస్, అదే కణజాలం గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్, సరైన చికిత్స అందక మిగిలిపోయిన ఇన్ఫెక్షన్లు, మూత్రాశయపు నొప్పి జబ్బు, పేగుల సమస్యలు, కటి భాగంలోని కండరాలు బిగుసుకుపోవడం వంటివన్నీ ఈ నొప్పికి కారణాలే. మన దేశంలో మరచిపోకూడనిది జననాంగ క్షయ. దగ్గు లేకుండా, బయటికి ఏ గుర్తూ కనిపించకుండా గర్భనాళాలను దెబ్బతీసే ఈ జబ్బు చాలామందిలో పిల్లలు పుట్టడం లేదని పరీక్షలు చేయించినప్పుడే బయటపడుతుంది. దానికి ప్రభుత్వమే ఉచితంగా మందులు ఇస్తున్నది. కాని ముందు అనుమానించేవారు ఉండాలి కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రసవ వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఎండోమెట్రియోసిస్ ఉన్నది. పదిమంది స్త్రీలున్న పెద్ద కుటుంబంలో ఒకరికి ఉండగల జబ్బు ఇది. అయినా దాని పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ప్రజలందరికీ ఉచిత వైద్యం అందించే బ్రిటన్‌లోనే, మొదటిసారి వైద్యుని దగ్గరికి వెళ్ళిన నాటి నుంచి జబ్బు పేరు తేలడానికి సగటున 8 ఏళ్లు పైబడి పడుతున్నదని అక్కడి రోగుల సంఘం చెబుతున్నది. ఓపీ చీటీ కోసమే పొద్దుటి నుంచి నిలబడవలసిన చోట అది ఎంత కాలమవుతుందో పాఠకులే ఊహించుకోగలరు.

ఇక్కడ వైద్యులు, రోగులు ఇద్దరూ గుర్తుంచుకోవలసిన ఒక ముఖ్య విషయం ఉన్నది. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవడం, ఏమీ లేకపోవడం ఒకటి కావు. సాధారణ అల్ట్రాసౌండ్‌లో గడ్డలు, పెద్ద తిత్తులు కనిపిస్తాయి. కటి పొర మీద పలుచగా పరచుకున్న ఎండోమెట్రియోసిస్ మచ్చలు చాలాసార్లు కనిపించవు. పరీక్షలు, స్కానింగులు మామూలుగా ఉన్నంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని తేల్చివేయరాదని బ్రిటన్ జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2017లోనే మార్గదర్శకాలలో పేర్కొన్నది. రోగ నిర్ధారణ కోసం ప్రతి ఒక్కరికీ లాపరోస్కోపీ చేయవలసిన అవసరం లేదని, లక్షణాలను బట్టి మందులతో చికిత్స ప్రారంభించవచ్చని 2022లో ఐరోపా నిపుణుల సంఘం మార్గదర్శకాలు వివరించాయి. మరొక సత్యం: ఒక నొప్పి ఏళ్ల తరబడి కొనసాగితే నరాలు తామే సున్నితమైపోతాయి. అసలు కారణం తగ్గినా నొప్పి మిగులుతుంది. అది ఊహ కాదు, నటన కాదు. దానికి కూడా మందులు, ఫిజియోథెరపీ, ఇతర చికిత్సలు ఉన్నాయి.

ఇక రెండవ సమాధానం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కొంచెం పైగా ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో 8 శాతం దాటారు. దేశంలోనే ఇది అత్యధిక స్థాయి. మన తెలుగు నేల మీద స్త్రీల శరీరాల్లో ప్రత్యేకమైన లోపమేదో ఉన్నదని దీనికి అర్థం కాదు. నొప్పి, అధిక రక్తస్రావం, తెల్లబట్ట అంటూ వచ్చిన స్త్రీకి ఓపికతో చేయవలసిన వైద్యానికి బదులు శస్త్రచికిత్సను సులువైన దారిగా చూపుతున్నారనే అర్థం. “పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేముంది? ఉంచితే క్యాన్సర్ అవుతుంది” అనే మాటకు భయపడి ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే అప్పులు చేసి ఆపరేషన్ చేయించుకున్నవారు మన బస్తీల్లోనూ, పల్లెల్లోనూ ఉన్నారు.

గర్భసంచి తొలగించడం కొందరికి నిజంగా అవసరమే. ఆ మాట కాదనము. కాని నొప్పి మూత్రాశయంలోనో, పేగులోనో, కండరంలోనో ఉంటే గర్భసంచి తీసినా అది అలాగే ఉంటుంది. ఎండోమెట్రియోసిస్ మచ్చలు మిగిలితే నొప్పి తిరిగి రావచ్చు. అండాశయాలు కూడా తీసివేస్తే ముట్లుడిగే దశ ముందే వచ్చి, ఎముకలు బలహీనపడే ముప్పు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతాయి. ఈ సంగతులు ఆపరేషన్‌కు ముందు ఎంతమందికి వివరిస్తున్నారు? అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పునిస్తూ, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పర్యవేక్షణ సంఘాలు ఉండాలన్నది ఆ మార్గదర్శకాల సారాంశం. మన జిల్లాల్లో ఆ సంఘాలు ఎక్కడ కూర్చుంటున్నాయి, ఎన్ని ఆపరేషన్లను పరిశీలించాయి అని అడిగే హక్కు మనకున్నది.

ఈ కష్టం అన్ని వర్గాల స్త్రీలదీ. అయితే ముస్లిం స్త్రీ విషయంలో దీనికి మరికొన్ని బరువులు తోడవుతున్నాయి. 2021లో ఆక్స్‌ఫామ్ ఇండియా వెలువరించిన రోగుల హక్కుల సర్వేలో పాల్గొన్న ముస్లింలలో మూడోవంతు మంది ఆసుపత్రిలో మతం కారణంగా వివక్షను ఎదుర్కొన్నామన్నారు. మరో మహిళ పక్కన లేకుండానే పురుష వైద్యుడు తమ శరీరాన్ని పరీక్షించాడని 35 శాతం మహిళలు చెప్పారు. పరదా పాటించే స్త్రీకి ఇటువంటి అనుభవం ఒక్కసారి ఎదురైతే చాలు, మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కదు. అప్పుడు ‘వీళ్ళు చికిత్సకు రారు’ అనే నింద కూడా ఆమె మీదే పడుతుంది.

భాష మరొక అడ్డంకి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే స్త్రీ “పేట్ దుఖ్‌రా”, “కమర్ దుఖ్‌రీ” అంటుంది. సిగ్గుతో అంతకంటే వివరంగా చెప్పదు. వినేవారు కడుపు నొప్పి అని రాసుకొని గ్యాస్ మాత్ర, నడుము నొప్పి అని రాసుకొని పూత మందు ఇచ్చి పంపుతారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది. కార్యాలయాల బోర్డుల మీద కనిపించే ఆ హోదా, ఆపరేషన్‌కు ముందు సంతకం చేయించుకునే అంగీకార పత్రం మీద ఎందుకు కనిపించకూడదు?

వైద్యులను అడగడంతో పాటు మన ఇళ్లను మనం అడుగవలసిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. నెలసరి నాడు మెలికలు తిరిగిపోయే అమ్మాయితో “అందరికీ ఉండేదేగా, ఓర్చుకో” అంటున్నాము. “పెళ్లయితే తగ్గిపోతుంది”, పెళ్లయ్యాక “ఒక బిడ్డ పుడితే సర్దుకుంటుంది” అంటున్నాము. పెళ్లి చికిత్స కాదు, కాన్పు మందు కాదు. పెళ్లికాని పిల్లను స్త్రీల డాక్టరు దగ్గరికి తీసుకువెళితే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో బడికి, కాలేజీకి నెలనెలా సెలవు పెట్టిస్తున్నాము. పెళ్లికాని అమ్మాయికి పొట్ట మీద నుంచే స్కానింగ్ చేయవచ్చని, లక్షణాలు వివరంగా చెబితే చికిత్స మొదలుపెట్టవచ్చని తల్లిదండ్రులు తెలుసుకోవాలి. డాక్టరు హార్మోను మాత్రలు రాస్తే ‘ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి కదా’ అని అనుమానించి మానిపిస్తున్న కుటుంబాలూ ఉన్నాయి. ఒకే మాత్ర అనేక జబ్బులకు పనిచేస్తుంది. ఎందుకు రాశారో డాక్టరును అడగాలి గాని ఆడపిల్ల నడవడిని శంకించరాదు.

సిగ్గు మన ధర్మంలో గొప్ప గుణం. కాని అది బాధను దాచిపెట్టే తెర కాదు. మదీనాకు చెందిన అన్సారీ స్త్రీలు బహిష్టు స్నానం వంటి విషయాలను సైతం దైవప్రవక్త (స) వారిని అడిగి తెలుసుకునేవారు. ధర్మం నేర్చుకోవడంలో సిగ్గు వారికి అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. మహిళా వైద్యురాలు దొరకని చోట అవసరం మేరకు పురుష వైద్యుడు చికిత్స చేయవచ్చని ఉలమా చెబుతూనే ఉన్నారు. ఈ మాట జుమా ప్రసంగాల్లోనూ, స్త్రీల ఇజ్తెమాల్లోనూ వినిపించాలి.

ఆసుపత్రికి వెళ్ళేముందు చేయదగిన పని ఒకటున్నది. రెండు మూడు నెలల పాటు ఒక చిన్న పుస్తకంలో నొప్పి లెక్క రాసిపెట్టుకోవాలి. ఏ తేదీన వచ్చింది, నెలసరికి ముందా, తర్వాతా, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకింది, పదికి ఎన్ని పాళ్ల నొప్పి, ఏ మాత్ర వేసుకున్నారు, తగ్గిందా లేదా, ఆ రోజు ఏ పని ఆగిపోయింది అనేవి అందులో ఉండాలి. రాయడం రాని తల్లికి కూతురో, కోడలో రాసిపెట్టవచ్చు. “చాలా నొప్పి” అన్న మాటను తోసిపుచ్చడం తేలిక. “నెలకు ఎనిమిది రోజులు వంటింట్లో నిలబడలేకపోతున్నాను” అన్న మాటను తోసిపుచ్చడం అంత తేలిక కాదు. పాత చీటీలు, స్కాన్ రిపోర్టులు ఒకే సంచిలో వరుసగా పెట్టుకోవాలి. “ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చా? క్షయ పరీక్ష అవసరమా? ఆపరేషన్ కాకుండా ఇంకేమి చికిత్సలున్నాయి? చేయించుకోకపోతే ఏమవుతుంది?” అనే ప్రశ్నలు ముందే సిద్ధం చేసుకోవాలి. భర్త వెంట వెళితే ఆమె బదులు తాను మాట్లాడడానికి కాదు, ఆమె మాటకు బలం చేకూర్చడానికి వెళ్ళాలి. హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చినా, జ్వరం, స్పృహ తప్పడం తోడైనా, నెలసరి తప్పిన తర్వాత నొప్పి మొదలైనా, ముట్లుడిగాక రక్తం కనిపించినా మాత్రం లెక్కలు రాస్తూ కూర్చోరాదు. వెంటనే వెళ్ళాలి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయవలసిందిగా కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు, రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకునే హక్కు, రికార్డుల నకళ్లు పొందే హక్కు, పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరో మహిళ ఉండాలనే హక్కు, మతం, కులం, భాష కారణంగా వివక్షకు గురికాకుండా ఉండే హక్కు అందులో ఉన్నాయి. వీటిని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. సమాధానం రాకపోతే ఆసుపత్రి సూపరింటెండెంటుకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి.

వైద్యుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. ఒక పూటలో వందమందిని చూడవలసిన డాక్టరమ్మ ఒక్కొక్కరి కథా వినలేదు. అందుకే ఇది వ్యక్తుల మంచితనం మీద వదిలివేయదగిన విషయం కాదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక పూటైనా గర్భిణుల వరుసతో కలపకుండా ఈ నొప్పుల కోసం ప్రత్యేక ఓపీ నడపాలి. ఆశా కార్యకర్తలకు ఈ జబ్బుల గుర్తింపులో శిక్షణ ఇవ్వాలి. అంగీకార పత్రాలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. గర్భసంచి ఆపరేషన్ల లెక్కలను వయసు, కారణం సహా జిల్లాలవారీగా ప్రకటించాలి. ఈ నాలుగు కోరికల్లో కోట్ల రూపాయల భవనాలేవీ లేవు.

మన సంఘాలు రక్తదాన శిబిరాలు, కంటి శిబిరాలు ఎంతో శ్రద్ధగా నిర్వహిస్తున్నాయి. ఈ ఏడాది ప్రతి పట్టణంలో కనీసం ఒక్క శిబిరాన్ని ఒక మహిళా వైద్యురాలితో, తలుపు మూసిన ఒక గదిలో, తొందరలేని ఒక పూట స్త్రీల నొప్పి వినడానికి కేటాయించవలసిందిగా కోరుతున్నాము. తన మాట నమ్మేవారు ఒక్కరున్నా ఆమె రెండవసారి ఆసుపత్రి మెట్లు ఎక్కగలదు. మొదటగా నమ్మవలసింది మనమే.