చౌకబట్ట అసలు వెల

పండుగకొక జత కుట్టించుకొన్న రోజులు పోయి, నెలకొక జత కొని మరునెలకు మూలను పడవేసే రోజులు వచ్చినవి. యువతీయువకుల వేషాభిమానమే ఇందుకు కారణమని పెద్దలు తేలికగా తేల్చివేస్తారు. వేషాభిమానం ఏ కాలంలో లేదు? మన ప్రబంధ నాయికలకు లేదా? కొత్తగా వచ్చినది కోరిక కాదు, ఆ కోరికకు వెల తగ్గడం. కుట్టుకూలికే కొత్త చొక్కా దొరికేనాడు చినిగినదానిని కుట్టించుకొనేదెవరు?

తగ్గిన ఆ వెలను ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉన్నారు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలినప్పుడు 1,100 మందికి పైగా ప్రాణాలతో చెల్లించారు. వారిలో అత్యధికులు విదేశాలకు దుస్తులు కుట్టే కార్మికులు.

అంత దూరం పోనక్కరలేదు. చిత్తూరు జిల్లా నగరిలో మరమగ్గాలు, అద్దకపు పరిశ్రమలు ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నవి. అక్కడ నేసేది విదేశీ అంగళ్ళ వేషాలు కావు. అయినను చౌకబేరపు సూత్రం ఒక్కటే. మీటరుకింత అని కూలికి నేసేవానికి బేరమాడే బలం లేదు. అద్దకపు నీరు కుశస్థలి నదిలో కలుస్తున్నదన్న ఫిర్యాదు ఏండ్ల తరబడి వినవస్తున్నది. ఆ నది తమిళనాడులోని పూండి జలాశయం వైపు పోతుంది. పూండి నీరు చెన్నై నగరానికి తాగునీరు.

అట్లని మగ్గాలను మూయించడం మందు కాదు. నొయ్యల్ నది కాలుష్యం కారణంగా 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకపు పరిశ్రమలను మూయవలసినదిగా ఆదేశించింది. వాడిన నీటిని శుద్ధిచేసి మరల అద్దకానికే వాడే పద్ధతి అక్కడ నెలకొన్నది. ఖర్చు ఎక్కువే. చిన్న అద్దకందారు ఒక్కడే దానిని మోయలేడు. అది బట్ట వెలలో చేరి, కొనేవానివరకు రావలెను. నియమం ఒక ఊరికే ఉంటే బేరం నియమం లేని ఊరికి తరలిపోతుంది గనుక, అన్ని ఊళ్ళకు ఒకటే ఉండవలెను.

వెల పెరిగితే పేదవాడేమి కట్టుకొంటాడు? న్యాయమైన ప్రశ్నే. కాని పది ఉతుకులకు వెలిసిపోయే చొక్కా పేదవానికి చౌక ఎట్లవుతుంది? వెనుకటి ఇళ్ళలో నూలుచీర పాతబడి పరికిణీ అయ్యేది, పరికిణీ బొంతలో చేరేది, చివరకు మసిగుడ్డ అయ్యేది. రాతినూనె నుండి పుట్టిన పాలియెస్టరు నీటిని సరిగా పీల్చదు, మసిగుడ్డకైనా పనికిరాదు.

లెక్కల ఉపాధ్యాయుడు తరగతిలో ఒక లెక్క ఇవ్వవచ్చును. 300 రూపాయల చొక్కాను 10 మార్లు తొడిగితే మారుకు 30 రూపాయలు. 900 రూపాయల చొక్కాను 150 మార్లు తొడిగితే 6 రూపాయలు. మిగిలిన 24 రూపాయలలో నదికి ఎంత, నేతగానికి ఎంత అన్నది రెండవ లెక్క.