‘ఆయన పిచ్చోడు కాదు’ అన్నప్పుడు మనం ఏమన్నట్టు?



పోయిన వారం లాకప్పుల గురించి రాసిన భాగం చదివి మా కాలేజీ విద్యార్థి ఒకడు స్టాఫ్‌రూమ్ దగ్గర ఆపాడు. “సార్, డాక్టర్ సుధాకర్ అంటే మాస్కుల డాక్టరేనా?” అన్నాడు. 2020లో వాడు చిన్న క్లాసులో ఉండి ఉంటాడు. వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదు. ఇదే విశాఖలో, వాడు రోజూ బస్సులో దాటే రోడ్డు మీద జరిగిన సంగతిని ఇంత తొందరగా మరిచిపోయింది మనం. అందుకే ఈ వారం అనుకున్న విషయం పక్కనపెట్టి ఇది రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. డాక్టర్ సుధాకర్ దళితుడు. నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తుమందు డాక్టరు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, మాకు మాస్కులూ పీపీఈ కిట్లూ ఇవ్వడం లేదని కెమెరా ముందు అడిగారు. సస్పెండ్ చేశారు. మే 16న అక్కయ్యపాలెం దగ్గర, హైవే మీద, పోర్టు ఆసుపత్రి జంక్షన్లో పోలీసులు ఆయన్ని పట్టుకున్నారు. ఒంటి మీద చొక్కా లేదు. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని కొట్టడం వీడియోలో మనందరం చూశాం. ఆటోలో పడేసి తీసుకెళ్లారు. కేజీహెచ్‌కీ, అక్కణ్ణుంచి మానసిక వైద్యశాలకీ తరలించారు.

తాగి గొడవ చేశాడు, ట్రాఫిక్ ఆపాడు, తిట్టాడు అన్నారు పోలీసులు. ఒక కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేశారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆయన ఆ ఆసుపత్రి నుంచి బయటికి రావడానికి కూడా జూన్‌లో హైకోర్టు తలుపే తట్టాల్సి వచ్చింది. 2021 మే 21న గుండెపోటుతో చనిపోయారు. ఏడాది తిరిగింది, అంతే.

ఇప్పుడు అసలు మాట. ఆ మే నెలలో మనం ఏం చేశాం? పోస్టులు పెట్టాం. నేనూ పెట్టాను. నా పోస్టు మొదటి వాక్యం నాకింకా గుర్తుంది: “ఆయన పిచ్చోడు కాదు, డాక్టర్.” బాగా షేర్ అయింది. మనవాళ్లు మెచ్చుకున్నారు. ఇవాళ ఆ వాక్యం చూస్తే సిగ్గేస్తోంది.

ఎందుకో చెప్తాను. పోలీసులేమో ఆయనకి మతి స్థిమితం లేదన్నారు. మనమేమో ఉందన్నాం. చూడ్డానికి ఇది కొట్లాటే. కానీ ఒక్క విషయంలో రెండు వైపులా ఒప్పందం కుదిరిపోయింది: నిజంగా పిచ్చోడయితే కట్టేయొచ్చు. నిజంగా పిచ్చోడయితే కొట్టొచ్చు, చొక్కా లేకుండా ఆటోలో పడేయొచ్చు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణి.

రెండో తప్పు ‘డాక్టర్’ అన్న మాటలో ఉంది. మన కులంలో పుట్టి డాక్టరైన మనిషిని ఇలా చేశారన్న కోపం న్యాయమైనదే. ఇన్ని మెట్లెక్కినా ఆ రోడ్డు మీద డిగ్రీ ఆయన్ని కాపాడలేదు. కానీ ఆయన డాక్టర్ కాకుండా స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కూలీ అయితే? ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసే మనిషయితే? సీబీఐ దాకా వెళ్లేదా? మనమయినా పోస్టు పెట్టేవాళ్లమా?

ఆయన ఆరోగ్యం గురించి నేను తీర్పు చెప్పడం లేదు. అది ఆయనకీ ఆయన ఇంట్లోవాళ్లకీ సంబంధించిన విషయం. నేననేది ఒక్కటే. ఉన్నా, లేకపోయినా, ఆ తాడు తప్పే.

ఇది నా దయాగుణం చెప్పే మాట కాదు, చట్టం చెప్పే మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 100వ సెక్షన్ పోలీసుల కోసమే రాశారు. మనసు బాగోలేక తనను తాను చూసుకోలేని మనిషి, తనకో ఇతరులకో ప్రమాదం కావచ్చనిపించే మనిషి కనిపిస్తే పోలీసులు చేయాల్సిన పనికి ఆ చట్టం పెట్టిన పేరు ‘అరెస్టు’ కాదు, ‘రక్షణ’. ఎందుకు తీసుకెళ్తున్నారో చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. 95వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. అంటే ‘పిచ్చోడు’ అని మనం తీసిపారేసే మనిషి చట్టం ముందు హక్కులున్న మనిషి.

విశాఖ ఘటన జరిగిన తొమ్మిదో రోజున, మే 25న, మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపేశారు. మనం ఆయన బొమ్మ ప్రొఫైల్‌కి పెట్టుకున్నాం. మంచిదే. కానీ మన డాక్టరుగారి కథకి దగ్గర చుట్టాలు వేరే ఉన్నారు. అదే ఏడాది మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో డేనియల్ ప్రూడ్ అనే నల్లజాతి మనిషికి మనసు అదుపు తప్పింది. సాయం కోసం అన్నే ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు. ఒంటి మీద బట్టల్లేని ఆ మనిషి చేతులకి బేడీలు వేసి, తలకి ముసుగు తొడిగి, రోడ్డుకేసి అదిమిపట్టారు. వారానికి ఆసుపత్రిలో చనిపోయాడు. అక్టోబరులో ఫిలడెల్ఫియాలో వాల్టర్ వాలెస్ కుటుంబం అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. చేతిలో కత్తి ఉందని, తల్లి కళ్లముందే కాల్చేశారు.

రంగూ, మనసు బాగోలేకపోవడమూ ఒకే ఒంట్లో కలిస్తే అక్కడ పోలీసుకి కనిపించేది ప్రమాదం. కులమూ, పేదరికమూ, ‘పిచ్చీ’ కలిస్తే ఇక్కడా అంతే. ‘పిచ్చోడి చేతిలో రాయి’ అని మనకో సామెత ఉంది. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ సామెతని తిప్పి చదువుతున్నాను. ఆ రోజు హైవే మీద పిచ్చోడనిపించుకున్నవాడి చేతులు వెనక కట్టేసి ఉన్నాయి. మరి రాయి ఎవరి చేతిలో ఉంది?

ఇక ఇంటి విషయం. ఇది ఇన్నాళ్లూ రాయలేదు.

మా పెదనాన్న పోర్టులో కళాసీ. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయనకి నిద్ర పట్టేది కాదు. నాలుగైదు రాత్రులు అలా గడిచాక రోడ్డు మీదకొచ్చి లారీలని అదిలించేవాడు. పేటలో ఎవరూ పోలీసులని పిలిచేవాళ్లు కాదు. టీ కొట్టు మావయ్య వచ్చి కాస్త దూరంగా, గట్టు మీద కూర్చునేవాడు. బీడీ ఇచ్చేవాడు. “ఈయాల ఏ ఓడొచ్చినాది బావా?” అనేవాడు. అంతే. పెదనాన్న ఓడల పేర్లు మొదలుపెట్టేవాడు. ఏ ఓడలో ఏం వచ్చింది, ఏ బెర్త్‌లో నిలిచింది, ఎన్నాళ్లు ఉంది. తెల్లారేసరికి గొంతు నెమ్మదించేది. పెద్దమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది.

ఒకసారి పేట దాటి పెద్దరోడ్డు మీదకి వెళ్లిపోయాడు. అక్కడ ఆయన పేరు తెలిసినవాళ్లు లేరు. ఎవరో ఫోన్ చేశారు. మర్నాడు మధ్యాహ్నం ఒక స్టేషన్ నుంచి తీసుకొచ్చాం. మణికట్లు వాచిపోయి, తాడు ముద్ర పడి ఉన్నాయి. తర్వాత ఆయన మళ్లీ రోడ్డెక్కలేదు. ఓడల గురించి కూడా మాట్లాడలేదు. “నెమ్మదించాడు, పోన్లే” అనుకున్నారు చుట్టాలు. అది నెమ్మది కాదని నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు.

పేటని దేవాలయం చేసి చూపించను. మేమూ కట్టేశాం. ఒక ఏడు భయపడి పెద్దమ్మే పాత చీరతో ఆయన కాలు మంచానికి రెండు రోజులు కట్టింది. ఆవిడకి ఇంకో దారి ఎవరూ చూపించలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ఆశ్రమాల్లో ఒకటి అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. వాళ్లని అక్కడ వదిలింది పోలీసులు కాదు, కుటుంబాలు. కాబట్టి ‘సమాజమే చూసుకుంటుంది’ అని చేతులు దులుపుకుంటే సరిపోదు. టీ కొట్టు మావయ్యకి తోడు కావాలి. చదువు, జీతం, వెనక ఒక నర్సు, ఒక బండి కావాలి.

ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలో యూజీన్ అనే ఊళ్లో 1989 నుంచి ఇలాంటి ఫోన్ వస్తే ఆయుధం లేని ఇద్దరు బండిలో వెళ్లేవాళ్లు. ఒకరు వైద్యం తెలిసినవాళ్లు, ఒకరు మాట్లాడడం తెలిసినవాళ్లు. మూడు దశాబ్దాలు దాటి నడిచిన ఆ పని డబ్బు చాలక 2025లో ఆ ఊళ్లో ఆగిపోయింది. మంచి పనికి కూడా బడ్జెట్ కావాలని అందులో పాఠం. మన దేశంలోనే గుజరాత్‌లో ‘ఆత్మీయత’ అనే కార్యక్రమం ఊళ్లోని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి బాధలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చోబెడుతోంది. చెన్నైలో ‘బన్యన్’ సంస్థ ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లని మామూలు వీధిలో అద్దె ఇళ్లలో, కొత్త కుటుంబాలుగా బతకనిస్తోంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ మంచి నమూనాలుగా చూపించింది.

మనకేం ఉంది? 2022 నుంచి టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఫోన్లో మాట్లాడతారు, దాచిపెట్టుకోండి. కానీ రోడ్డు మీద అరుస్తున్న మనిషి ఫోన్ చేయడు. అతని కోసం మనిషే రావాలి. గుండె పట్టేస్తే 108 వస్తుంది. మనసు పట్టు తప్పితే లాఠీ ఎందుకు రావాలి? ఇలాంటి పిలుపుకి ముందు ఆరోగ్య సిబ్బంది వెళ్లాలని, ప్రతి వార్డులో శిక్షణ పొంది జీతం తీసుకునే నలుగురు ఉండాలని, వాళ్లలో ఈ బాధ స్వయంగా పడినవాళ్లూ ఉండాలని మన డిమాండ్ల పత్రంలో రాయాలి. ఇప్పటిదాకా మన ఏ సభ తీర్మానంలోనూ ఈ ముక్క నాకు కనపడలేదు. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది ఎవరి మీదా నేరం మోపడం కాదు.

ఆ రోజు వచ్చేలోపు చేయగలిగిన పని ఒకటుంది. ఇదే చట్టం 14వ సెక్షన్: నాకు మనసు బాగోలేనప్పుడు నా తరఫున మాట్లాడే మనిషి ఫలానా అని మేజరైన ఎవరైనా రాసిపెట్టుకోవచ్చు. తెల్ల కాగితం చాలు. సంతకం గానీ వేలిముద్ర గానీ చాలు. వచ్చే ఆదివారం మన స్టడీ సర్కిల్‌కి పుస్తకం వద్దు. అందరూ ఒక తెల్ల కాగితం తెచ్చుకోండి. ఇంట్లో అమ్మకీ నాన్నకీ కూడా ఒక్కొక్కటి తీసుకెళ్లండి.

నా కాగితం నిన్న రాత్రే రాశాను. రాస్తుంటే పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయనకి ఈ అవకాశం ఉంటే టీ కొట్టు మావయ్య పేరే రాసి, కింద వేలిముద్ర వేసి ఉండేవాడు.

పాత పోస్టు తీసేయలేదు. దాని కింద ఒక మాట చేర్చాను: పిచ్చోడైనా సరే, కట్టడానికి వీల్లేదు.

జై భీమ్.