ట్రంకుపెట్టెల దొరికిన నంబరు

మా ఇంట్ల తాత ఫొటో కింద పెయింటరు రాసిన రెండు మాటలు చిన్నప్పటినుంచి చూస్తున్న: "మిలిటరీ డాక్టర్". యుద్ధం నుంచి వచ్చినంక తాత సోలాపూర్ల జూనీ గిర్నీల చేరిండు, సాంచాల కాడనే ముసలోడైండు. "డాక్టరైతే గిర్నీల ఎందుకు చేరిండు?" అని అడిగితే పెద్దోళ్లు మాట మార్చేది. పోయిన దసరాకు మనుమరాలు బడిల చెప్పడానికి తాత కథ రాసియ్యమన్నది. తెల్వంది ఎట్ల రాస్తం? అటక మీది ట్రంకుపెట్టె దించిన.

అందుల ఒక గుండ్రటి మెడల్ దొరికింది. ఒక దిక్కు రాజు మొఖం, ఇంకో దిక్కు సింహం. నల్లబడ్డది గదా అని చింతపండు పెట్టి తోమబోయిన. అంచు మీద సన్నటి అక్షరాలు వేలికి తగిలినై. ఆ యుద్ధం మెడల్స్ ఇంగ్లండు సిపాయిలకు పేరు లేకుండనే ఇచ్చిండ్రు. మన దేశం సిపాయిలకు ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, పేరు కొట్టిచ్చిండ్రు. తాత పేరు ముందట నంబరు, చివర ఐ.ఎ.ఎం.సి. అని ఉంది. అంటే ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్. 1943 ఏప్రిల్ 3న మూడు పాత శాఖలను కలిపి దీన్ని పెట్టిండ్రు. అందుల ఒకటి ఇండియన్ హాస్పిటల్ కోర్. దాంట్ల కాంపౌండర్లు, రోగులను చూసుకునేటోళ్లు, స్ట్రెచర్లు మోసేటోళ్లు, వంటోళ్లు, ఊడ్చేటోళ్లు అందరూ ఉండేది. మెడికల్ కోర్ అంటే అందరూ డాక్టర్లే కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ కోర్ రికార్డ్ ఆఫీసు లక్నోల ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు రాసి, మెడల్ అంచు ఫొటో, తాతకు నేనేమైతనో చూపే కాగితం జతచేసి రిజిస్టర్ పోస్టుల పంపిన. కొన్ని నెలలకు ఒక్క పేజీ జవాబొచ్చింది. 1942ల భర్తీ, 1946ల విడుదల. పని: అంబులెన్స్ సిపాయి. దళం: ఫీల్డ్ అంబులెన్స్. మెడల్స్ వరుసల బర్మా స్టార్.

ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి గాదు, యుద్ధం వెనకాలనే నడిచే వైద్య దళం. దెబ్బతిన్నోళ్లను డ్రెస్సింగ్ స్టేషన్ దాకా తెచ్చుడు అంబులెన్స్ సిపాయి పని. బర్మా సరిహద్దు కొండలల్ల బండి పోని తావుల స్ట్రెచర్ భుజాల మీదనే రావాలె.

ఈ కాగితం మా పెద్ద మేనత్తకు చూపియ్యాల్నా వద్దా అని వారం రోజులు ఆలోచించిన. ఆమెకు ఎనభై అయిదు దాటినై. చదివి వినిపిస్తే మొదట కోపం చేసింది. "మా నాయన ఫొటో మీద నీ కన్నెందుకు పడ్డదిరా?" అన్నది. కొంచెంసేపు ఊకుండి, "పసిరికల సంగతి రాసిండ్రా అందుల?" అని అడిగింది.

తాత ఇంటికొచ్చిననాడు ఒళ్లంతా పచ్చగుండెనట. నాయినమ్మ పసిరికలనుకొని చెట్లమందు పోయించిందట. ఆ పచ్చదనం రోగం కాదు, మెపాక్రిన్ గోలీలది. 1943ల ఆ దిక్కు గాయమై వెనక్కి పంపినోడు ఒక్కడైతే, జబ్బుతోని పంపినోళ్లు 120 మంది అని ఆ సైన్యం జనరల్ స్లిమ్ రాసిండు. అందుల మలేరియా పెద్దది. అందుకే సిపాయిలందరికీ ఆ గోలీలు రోజూ మింగిపిచ్చేది, అవి మింగితే తోలు పచ్చబడేది.

అత్త అప్పుడు అసలు మాట చెప్పింది. 1930ల మన సోలాపూర్ల మార్షల్ లా పెట్టిండ్రు, 1931 జనవరి 12న మన ఊరోళ్లు నలుగురిని యెరవాడ జైల్ల ఉరి తీసిండ్రు. అటువంటి ఊర్ల ఇంగ్రేజోళ్ల ఫౌజుల చేసినోని భార్యనని చెప్పుకునుడు నాయినమ్మకు కష్టమైంది. "డాక్టర్ అంటే ఎవ్వరూ తప్పుపట్టరని మా అవ్వనే మొదలుపెట్టింది. నాయన ఎన్నడూ అనలే. మనుషులను మోసిన అనేటోడు, అంతే" అన్నది.

పెయింటర్ను పిలిపించినం. ఇప్పుడు ఫొటో కింద "అంబులెన్స్ సిపాయి, 1942–1946" అని ఉంది. అత్త దగ్గర కూసొని రాయించింది.

అన్నలు, అక్కలు, మీ ఇంట్ల గూడ అటువంటి మెడల్ ఉంటే తోమకుండ్రి, అక్షరాలు అరిగిపోతై. పాత సామాన్లోనికి తూకానికి అసలే ఇయ్యకుండ్రి. అంచు ఫొటో తీసి, నంబరు రాసిపెట్టుండ్రి. నంబరు తర్వాత ఏ రెజిమెంటు, ఏ కోర్ అని ఉంటే ఆ రికార్డ్ ఆఫీసుకే రాయాలె. యుద్ధంల పోయి తిరిగిరానోళ్ల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితల దొరుకుతై. బర్మాల సమాధి దొరకనోళ్ల పేర్లు రంగూన్ మెమోరియల్ మీద దగ్గరదగ్గర 27 వేలున్నై. కాగితం కంటె ముందు మాత్రం ఇంట్ల ముసలోళ్లను అడుగుండ్రి. పసిరికల ముచ్చట ఏ రిజిస్టర్ల ఉండది.