పెట్టెమీది అంకె – చేతిలోని మౌస్

ఈ సంవత్సరం మా తరగతి విద్యార్థి ఒకడు, సెలవులలో ఒక దుకాణంలో లెక్కలు వ్రాసి సంపాదించిన డబ్బుతో గేమింగ్ మౌస్ ఒకటి కొన్నాడు. రంగురంగుల దీపాలు వెలిగే మౌస్ అది. పెట్టెమీద 12,800 డి.పి.ఐ. అని పెద్ద అంకెలతో అచ్చువేసి ఉన్నది. నెల తిరుగకముందే ఆ పిల్లవాడు మణికట్టుకు గుడ్డ చుట్టుకొని తరగతికి వచ్చాడు. ఏమైందని అడిగితే, "గురి కుదరటం లేదు సార్, ఇంకా పెద్ద నంబరుది కొనవలసింది" అన్నాడు.

ఆ ఒక్క మాటే మాచేత ఈ వ్యాసం వ్రాయించింది. తెలుగు పాఠం చెప్పుకొనే వారికి మౌస్‌తో పనియేమని మిత్రులు నవ్వవచ్చు. అర్థం తెలియని పదాన్ని ప్రయోగించరాదని ఏటేటా బోధించేది మేమే గనుక, ఈ డి.పి.ఐ. సంగతి చెప్పే బాధ్యత కూడ మాకు కొంత ఉన్నదనుకొన్నాము.

మౌస్‌ను ఒక అంగుళం జరిపితే అది ఎన్ని చిన్న కదలికలుగా లెక్కించి కంప్యూటరుకు పంపుతుందో తెలిపేదే ఆ అంకె. దానిని 800కు పెట్టుకొని, విండోస్‌లో వేగాన్ని తనంత తాను పెంచే సౌకర్యాన్ని తీసివేసి, అంగుళం జరిపి చూడండి. తెరమీది బాణం 800 చుక్కల దూరం నడుస్తుంది. సాధారణమైన తెర అడ్డంగా 1,920 చుక్కలు. కనుక ఈ కొసనుండి ఆ కొసకు పోవటానికి రెండున్నర అంగుళాల లోపు కదలిక చాలు. అదే 12,800 పెట్టినవాడు ఒక్క అంగుళంలో ఆరు తెరల దూరం దాటిపోతాడు! ఎదుటివాని తలమీద గురి నిలుపవలసిన ఆటలో ఈ పరుగు ఎవరికి కావాలి? కౌంటర్ స్ట్రైక్ ఆడే వృత్తి క్రీడాకారులలో అధికులు 400తోనో 800తోనో ఆడుతున్నారు. పైగా చవక మౌస్‌లలో కొన్ని, తమ సెన్సారు నిజంగా చూడగలిగినదానికి మించిన అంకెను లెక్కతో సాగదీసి పెట్టెమీద వేసుకొంటాయి. పాలలో నీళ్ళు కలిపి చెంబు నింపటం వంటిదే ఇది.

రెండవ అంకె పోలింగ్ రేటు. మౌస్ తన కదలికను సెకనుకు 125 సార్లు తెలిపితే, రెండు వార్తల మధ్య ఎడము 8 మిల్లీసెకన్లు. 1,000 సార్లు తెలిపితే ఒక్క మిల్లీసెకను. ఈ తేడా ఆటలో పనికివస్తుంది. 8,000 అనే కొత్త మౌస్‌లు ఆ మిల్లీసెకనును కూడ ఎనిమిది ముక్కలు చేస్తాయి. మన విద్యార్థుల పాత కంప్యూటర్లకు అది లాభం కన్న భారమే ఎక్కువ.

అయితే ఏమి చూచి కొనాలి? చేతిని చూచి కొనాలి. మన పేటలలో క్యారమ్ తెలియని పిల్లవాడు ఉండడు. స్ట్రైకరు 15 గ్రాములకు మించరాదన్నది ఆట నియమం. ఆ కొద్ది బరువులోనే ఇది నాకు కుదిరింది, అది కుదరలేదు అని వ్రేళ్ళమధ్య త్రిప్పి త్రిప్పి చూస్తారు. బోర్డుమీద పౌడరు సరిగా పడిందా లేదా అని మరీ మరీ తుడుస్తారు. అంతటి నిపుణులు మౌస్ విషయానికి వచ్చేసరికి దీపాలు చూచి కొనటం మాకు వింతగా తోచింది.

ఆ విద్యార్థి చేతిని స్కేలుతో కొలిచాము. మణికట్టు మడతనుండి నడిమివేలి కొనవరకు పదహారున్నర సెంటీమీటర్లు. మౌస్ పొడవు పదమూడు. కిరాణా కొట్టు కాటాలో పెడితే 140 గ్రాములు తూగింది. నేడు 60 గ్రాములవి కూడ దొరుకుతున్నాయి. 85 గ్రాముల లోపువి అందుబాటు ధరలోనే ఉన్నాయి. కొందరు అరచేయి మొత్తం మౌస్‌పై ఆనించి పట్టుకొంటారు, కొందరు వ్రేళ్ళు వంచి పంజావలె పట్టుకొంటారు, కొందరు వ్రేలికొనలతోనే నడుపుతారు. చిన్న చేతివాడు వ్రేలికొనలతో 140 గ్రాములను గంటలకొద్దీ ఈడిస్తే నరాలు మొరపెట్టుకోక ఏమి చేస్తాయి? ఎడమచేతివాటం వారి కష్టం మరొకటి. కుడిచేతికి ఒంపు తీసిన మౌస్ వారికి ఎంత ఖరీదైనా పనికిరాదు. రెండు ప్రక్కలు సమంగా ఉన్నదే వెదకుకోవాలి.

ఇక మౌస్ క్రింద పరచే ప్యాడ్. మా అభిప్రాయంలో డబ్బుకు తగిన ఫలితం అన్నిటికంటె ఎక్కువగా ఇచ్చేది ఇదే. తక్కువ డి.పి.ఐ. పెట్టుకొన్నవాడు మణికట్టుతో గాక మోచేతినుండి చేయి కదపాలి. దానికి జాగా కావాలి. 45 సెంటీమీటర్ల వెడల్పు గల గుడ్డ ప్యాడ్ వేసి, అంకెను 800కు దించిన తరువాత, మా విద్యార్థి మూడు వారాలలో కట్టు విప్పాడు. గురి కూడ కుదిరిందన్నాడు. మౌస్ బరువు మాత్రం తగ్గదు గదా!

తక్కినవి క్లుప్తంగా చెబుతాము. తీగ ఉన్న మౌస్‌కు చిన్నతనం ఏమీ లేదు, ధర తక్కువ, ఛార్జింగు బెడద లేదు. తీగ లేనిదే కావాలంటే బ్లూటూత్‌తో ఆడవద్దు, కంప్యూటరుకు గ్రుచ్చే చిన్న రిసీవరు గలదానిని తీసుకోండి. మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పలకటం మౌస్‌లకు తరచు వచ్చే జబ్బు, కనుక బిల్లు పారవేయకండి. కీబోర్డుమీద ఒకేసారి నాలుగైదు మీటలు నొక్కి అన్నీ పలుకుతున్నవో లేదో దుకాణంలోనే చూచుకోండి. హెడ్‌ఫోనుకు రెండు చెవుల శబ్దం స్పష్టంగా ఉంటే చాలు.

ఇప్పుడు కమిటీ పెద్దలకు ఒక మనవి. నిరుడు విద్యార్థులు ఈ సామగ్రి కోరుతూ ఇచ్చిన అర్జీ, ఆట పేరుతో జూదం వస్తుందన్న భయంతో ప్రక్కకు పోయింది. జూదం మనకు హరాం, అందులో రెండు మాటలు లేవు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడ డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుచేసి క్రీడగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీటికి పతకాలు ఇచ్చారు. మౌస్ పుట్టింది ఆటకు కాదన్నది నిజమే. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనతో తయారైన తొలి మౌస్, అడుగున రెండు చక్రాలున్న చెక్కపెట్టె. పని సులువుకావాలని చేసిన వస్తువు. కాని కాగితం పుట్టింది గాలిపటాలకా?

మేము కోరేది గొప్ప గది కాదు. వేరు వేరు ఆకారాల మౌస్‌లు నాలుగు, వాటిలో ఒకటి ఎడమచేతికి కూడ పనికివచ్చేది, పెద్ద గుడ్డ ప్యాడ్‌లు రెండు కంప్యూటరు గదిలో ఉంచండి. తరగతులు ముగిసిన పిదప అసర్ నమాజు వరకు విద్యార్థులు వాటిని పట్టుకొని చూస్తారు. తమ చేతికి ఏది కుదిరిందో తెలిసికొన్న తరువాత బజారుకు పోతారు. తండ్రి రిక్షా త్రొక్కిన డబ్బో, తాము చేసిన కూలి డబ్బో దీపాలకు పోయటం తగ్గుతుంది. మా అంచనాలో దీని ఖర్చు ఒక క్రికెట్ కిట్టుకు మించదు.

అది వచ్చేవరకు స్కేలు మా బల్ల సొరుగులో ఉంటుంది. కొనదలచినవారు ముందుగా వచ్చి చేయి కొలిపించుకొని పోవచ్చు.