ఋతువును చూడని ఋతుచర్య

"రోజుకు ఎంతసేపు నడవాలి స్వామీ?" అని అడిగే రోగులు నా వద్దకు ప్రతిదినమూ వస్తుంటారు. "నడుస్తూ ఏమి చూడాలి?" అని అడిగినవారు మాత్రం నలభై ఏళ్ల వైద్యవృత్తిలో వేళ్ల మీద లెక్కింపదగినంత మందే. మొదటి ప్రశ్నకు సమాధానం సులభం. రెండవ ప్రశ్న అడుగకపోవడం వల్లనే ఆయుర్వేదం బోధించిన ఋతుచర్య మన ఇళ్లలో పంచాంగచర్యగా మారిపోయిందని నా దృఢాభిప్రాయం.

శిశిరం మొదలు హేమంతం వరకు ఆరు ఋతువులకూ తగిన ఆహార విహారాలను చరకుడు, వాగ్భటుడు విడివిడిగా నిర్దేశించారు. చలికాలంలో పేరుకొన్న కఫం వసంతంలో ప్రకోపిస్తుంది. గ్రీష్మంలో కూడిన వాతం వర్షర్తువులో విజృంభిస్తుంది. వర్షర్తువులో చేరిన పిత్తం శరత్కాలపు ఎండకు ఉద్రేకిస్తుంది. ఇది సూత్రం. దీనిని మాసాల పేర్లతో కంఠస్థం చేసి, చైత్ర వైశాఖాలు వసంతం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు అని గోడ మీది క్యాలెండరును బట్టి పథ్యం మార్చుకొనేవారు మనలో అనేకులు. చిక్కు ఇక్కడనే ఉన్నది.

మన సీమ లెక్క వేరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్న మెట్టభూములు. బండరాళ్ల కొండలు, ముళ్లపొదలు, వానకు నిండి ఎండకు ఎండే చెరువులు. శాస్త్రపరిభాషలో ఇది చాలావరకు జాంగలదేశం. నైరుతి ఋతుపవనం మనకు కొంత ఇస్తుంది. ఈశాన్య ఋతుపవనం ఆశ్వయుజ కార్తీకాలలో మరికొంత తెస్తుంది. గ్రంథం ప్రకారం ఆకాశం నిర్మలంగా ఉండవలసిన నెలలలో మనకు ముసురు పడుతుంది.

2021 నవంబరును తలచుకొనండి. ఆ నెల రాయలసీమ అంతటా కుండపోత వానలు కురిసి, 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ గ్రామాలు కొట్టుకొనిపోయాయి. పంచాంగం ఆనాటిని కార్తీక పౌర్ణమి అన్నది. పున్నమి వెన్నెల కాయవలసిన శరత్తది. ఆ రోజులలో నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, శరదృతువు గనుక శీతోపచారాలు చేయాలని పుస్తకంలో చదివి, ఆ ముసురులోనే చల్లని పాలు, చన్నీటి స్నానం పాటించి దగ్గు, ఆయాసం తెచ్చుకొన్నారు. పుస్తకంలో దోషం లేదు. ఆయన కిటికీ తెరచి చూడలేదు, అంతే. వారికి కావలసినది ఆ సమయాన వర్షర్తుచర్య: కాచిన నీరు, వేడివేడి రాగిజావ, శొంఠి మిరియాల కషాయం, రాత్రిపూట పెరుగు మానడం.

శాస్త్రం కూడా మాసాలను రాతిలో చెక్కలేదు. శోధన చికిత్సల కోసం శిశిరాన్ని వదలి ప్రావృట్టును చేర్చుకొన్న మరొక గణన సంహితలలోనే ఉన్నది. కాలానికి అతియోగ, హీనయోగ, మిథ్యాయోగాలు ఉంటాయని చరకుడు స్పష్టంగా చెప్పాడు. కాలం తప్పినప్పుడు గమనించవలసిన బాధ్యత మనిషిదే.

పక్షులు చెప్పే పాఠం

గురుకులంలో మా గురువుగారు తెల్లవారుజామున మమ్ములను వెంటబెట్టుకొని నడిచేవారు. దారిలో నిలబెట్టి, "ఇప్పుడు ఏ ఋతువు? చెట్టును చూసి చెప్పు, మాసం పేరు చెప్పకు" అనేవారు. ఆనాడు విసుగనిపించిన ఆ అభ్యాసం నేడు నాడి పరీక్షతో సమానంగా ఉపకరిస్తున్నది.

చరకసంహిత అన్నపానవిధిలో పక్షుల విభజన ఉన్నది. మాంసగుణాలు చెప్పే సందర్భంలోనిదే అయినా దానిని జాగ్రత్తగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. నేలను కాళ్లతో చెదరగొట్టి గింజలు ఏరుకొనే కౌజు వంటివి విష్కిరాలు. ముక్కుతో పొడిచి తినే చిలుక, పావురం వంటివి ప్రతుదాలు. లాగి గుంజి తినే కాకి, గద్ద ప్రసహాలు. నీట తిరుగాడే కొంగ, హంస వారిచరాలు. ఎన్నాళ్లు ఎంత ఓపికతో చూస్తే ఈ విభజన సాధ్యమై ఉంటుంది! పక్షి వీక్షణం పాశ్చాత్యుల సరదా అనుకొనేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి తిరగవేయాలి.

మరి మన ఊళ్లలో ఏమి చూడాలి? మోదుగు పూచి, కానుగ చిగిర్చి, చలికాలమంతా మౌనంగా ఉన్న కోయిల గొంతు విప్పినదంటే వసంతం వచ్చినట్లు. కఫం కరిగే వేళ. గురుపదార్థాలు, పగటినిద్ర మానాలి. మధ్యాహ్నం కాకులు ముక్కు తెరచుకొని నీడకు చేరాయంటే గ్రీష్మం ముదిరినది. ధనియాల నీరు, పలుచని మజ్జిగ, నడక తగ్గింపు. మగ గిజిగాడు పసుపు రంగు దాల్చి ఈతచెట్లకు గూళ్లు అల్లుతుంటే వర్షర్తువు. జఠరాగ్ని మందగిస్తుంది గనుక లఘ్వాహారమే హితం. తోక ఆడిస్తూ వలస కాటుకపిట్టలు చెరువుగట్టు మీదికి దిగి, తెల్లవారి గడ్డిపై మంచు నిలిచిందంటే నిజమైన శరత్తు. శీతోపచారాలకు అది తగిన అదను. హార్స్‌లీకొండ నెత్తిన ఉదయం మంచు కమ్మి ఆకలి పెరిగితే హేమంతం. నువ్వులు, మినుములు, తైలాభ్యంగనం అప్పుడు ఒంటికి పడతాయి.

ఒక హెచ్చరిక. పక్షులు గమనికకే గాని శకునాలకు కావు. తీతువు రాత్రి అరిస్తే కీడని భయపడేవారున్నారు. అది నేల మీద గుడ్లు పెట్టే పిట్ట. దరిదాపులకు కుక్కో, నక్కో, మనిషో వస్తే అరుస్తుంది. చాతకం వానచినుకు తప్ప తాగదన్నది కవిసమయం. కళ్లతో చూచినది శాస్త్రం, చెవులతో విన్నది కథ.

కంటి ముందున్న ఉదాహరణ

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల మనకు దగ్గరలోనే ఉన్నది. ఒకప్పుడు బీడుగా ఉన్న ఆ లోయలో దశాబ్దాల పాటు చెట్లు నాటారు, వాననీటిని నిలిపారు. పక్షులు తిరిగి వచ్చాయి. 1991లో ఆ లోయ పక్షి సంరక్షణ స్థలంగా ప్రకటితమైనది. 1993లో ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ గార్లు అక్కడి పక్షులను గురించి, వాటి ఆవాసాల పునరుద్ధరణను గురించి గ్రంథం వెలువరించారు. నేల బాగుపడితే పిట్ట వస్తుంది. పిట్ట వచ్చే నేల మీది గాలీ నీరూ మనిషికీ హితమైనవే. వైద్యుడిగా దీనిని మించిన స్వస్థవృత్తం నాకు కనిపించలేదు.

దక్షిణాది రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పసుపు గొంతు పిగిలిపిట్ట హార్స్‌లీకొండ పరిసరాలలో కనిపిస్తుంది. ముప్పు పొంచి ఉన్న జాతిగా అంతర్జాతీయ జాబితాకెక్కిన ఈ పిట్టకు పొదలతో కూడిన గుట్టలే ఇల్లు. గుట్టను పగులగొట్టి రాయి అమ్ముకొంటే అది పోవడానికి వేరే చోటు లేదు.

నేటి పరిశోధనలు కూడా ఈ దిక్కుగానే వేలు చూపుతున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటవ తరగతి పిల్లలకు బడిదినాలలో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు పరిశీలించారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ పిల్లలలో 30.4 శాతం మందికి, మామూలుగా చదివిన పిల్లలలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. సెల్‌ఫోనుకు కళ్లప్పగించిన పిల్లల తల్లిదండ్రులు ఈ అంకెలను రెండుసార్లు చదవాలి. ఆరుబయట దూరాన కొమ్మ మీది పిట్టను వెదకడం కన్నా పిల్లలకు ఇష్టమైన పని ఏమున్నది?

కెమెరాతో మితం

ఈ మధ్య చాలామంది యువకులు పెద్ద కటకాల కెమెరాలు భుజాన వేసుకొని కొండలెక్కుతున్నారు. సంతోషమే. కాని గూటి దగ్గరకు పోయి ఫొటో తీయడం, కొమ్మలు విరిచి గూడు బయటపడేట్లు చేయడం, ఫోనులో పిట్టకూత వినిపించి దానిని రప్పించడం హింసలోకే వస్తాయి. బెదరిన తల్లి గూడు విడిస్తే పిల్లలు ఎండకో, కాకికో బలి అవుతాయి. సద్వృత్తంలో అహింసను చేర్చిన శాస్త్రం మనది.

గృహస్థులకు నేను చెప్పే ఛాయాగ్రహణ పద్ధతి వేరు, ఖర్చు లేనిది. మీ వీధి వేపనో, పుంగనూరు చెరువుగట్టు మీది మర్రినో ఒకదానిని ఎంచుకొనండి. ప్రతి పౌర్ణమికి అదే చోట నిలబడి, అదే వేళకు ఫోనుతో ఒక ఫొటో తీయండి. కింద ఆనాడు చూచిన పిట్ట పేరు, ఇంట్లో ఎవరికి ఏ నలత చేసిందో రెండు ముక్కలు రాయండి. ఏడాదికి పన్నెండు పటాలు. మూడేళ్లు గడిస్తే మీ ఇంటి ఋతుపంచాంగం మీ చేతిలో ఉంటుంది. ఉత్సాహం ఉన్నవారు 2013 నుండి మన దేశంలోనూ ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల గణనలో పిల్లలతో సహా పాల్గొనవచ్చు.

నడకకు నియమాలు

చలికాలంలో, వసంతంలో శక్తిలో సగం మేరకు, తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువ వ్యాయామం చేయమన్నారు వాగ్భటులు. నుదుట చెమట పట్టి, నోరెండి, నోటితో ఊపిరి తీయవలసి వస్తే అర్ధశక్తి అయినట్లే, ఆగండి. ఋతువు చివరి ఏడు రోజులు, రాబోవు ఋతువు తొలి ఏడు రోజులు ఋతుసంధి. పాత అలవాట్లను కొద్దికొద్దిగా వదలి, కొత్తవి కొద్దికొద్దిగా చేపట్టవలసిన సమయమది. మధుమేహులు చెప్పులు లేకుండా ముళ్లదారిన నడవరాదు. హృద్రోగులు వైద్యుని అడిగి దూరం నిర్ణయించుకోవాలి. వాడే మందులను నడక కారణంగా ఎవరూ మానరాదు.

కుప్పం వైపువారికి మరొక మాట. తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి 1980లలో ఏనుగులు ఇటు తరలివచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆ అంచులలో మసక చీకటి వేళ నడక ప్రాణాంతకం. బాగా వెలుగు వచ్చిన తరువాత, నలుగురితో కలిసి, ఊరి పక్కనే నడవండి.

లేహ్యాలకు, తైలాలకు ధర ఉన్నది. చెరువుగట్టుకు లేదు. అయితే ఆ గట్టు, ఆ గుట్ట నిలిచి ఉంటేనే గదా మనం నడిచేది! చెరువులో చెత్త పోస్తున్న చేతిని వారించడం, కొట్టివేసిన చెట్టుకు బదులు మరొకటి నాటడం కూడా ఋతుచర్యలో భాగమని గ్రహించి, రేపటి ఉదయం ఇంటిల్లిపాదీ గడప దాటండి.